జూన్ ఆఖరి శనివారం బ్లూబెర్రీ తోటకి: ఏర్పాట్లు, పనుల పంపకం

నిజాంపేట నుంచి, సమన్వయం:

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో మన సంఘం వేసవి విహారం ఈసారి పళ్ళ తోటకే అని మొన్నటి కాల్‌లో ఖాయమైంది. ఇక్కడ హైదరాబాద్‌లో ఉండి పనిచేసేవాళ్ళం, అక్కడ ఎడిసన్, ప్రిన్స్‌టన్ వైపు ఉన్నవాళ్ళు ఒకేచోట మాట్లాడుకుంటే బాగుంటుందని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను. తోటలో పళ్ళు మనమే కోసుకుని, తూకం వేయించుకుని, డబ్బు కట్టి తెచ్చుకునే పద్ధతి. ఫిబ్రవరి, మార్చిలో రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి వెళ్ళి తీగ నుంచి కోసుకున్నవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

పిల్లలకి సరదా ఎలాగూ ఉంటుంది. కానీ నా పట్టుదల ఒకటే. ఈ ఏర్పాటంతా పెద్దవాళ్ళని బట్టి జరగాలి. మే, జూన్‌లలో శంషాబాద్‌లో విమానమెక్కి పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు, అత్తమామలు వారమంతా ఇంట్లోనే ఉండిపోతారు. కారు నడపరు, నడిచి వెళ్దామంటే దగ్గర్లో ఏమీ ఉండదు. శనివారం వస్తే గుడి, ఇండియన్ స్టోర్, మాల్. ఇందులో చాలామంది చిన్నప్పుడు ఈతపళ్ళు, పరికిపళ్ళు కోసుకుని తిన్నవాళ్ళు, పొలం పని తెలిసినవాళ్ళు. వాళ్ళని ఎక్కడో నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, సామాన్లకి కాపలా పెట్టడం నాకు ఇష్టం లేదు. తోటలోకి వాళ్ళు ముందు నడవాలి, పిల్లలు వాళ్ళ వెనక నడవాలి.

స్ట్రాబెర్రీ తోటకి వెళ్దామని కొందరు అడిగారు. ఫోటోల్లో చాలా బాగుంటుంది, కాదనను. అయితే స్ట్రాబెర్రీ మొక్క జానెడు ఎత్తుకు మించి పెద్దగా పెరగదు. నడుం వంచో, గొంతుక్కూర్చునో కోయాలి. మన పెద్దవాళ్ళలో మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదే బ్లూబెర్రీ పొద మనిషి ఎత్తు పెరుగుతుంది. నిలబడి ఛాతీ ఎత్తులో గుత్తులు అందుకోవచ్చు. మడత కుర్చీ వేసుకుని కూర్చున్నా కింది కొమ్మలు చేతికి వస్తాయి. ఈ ఒక్క కారణం చాలు నాకు.

తేదీ విషయంలో కూడా అదే మేలు. న్యూజెర్సీలో స్ట్రాబెర్రీ మే రెండో సగంలో మొదలై జూన్ మధ్యకల్లా దాదాపు అయిపోతుంది. అప్పటికి అక్కడి బడులు ఇంకా నడుస్తూనే ఉంటాయి. బ్లూబెర్రీ జూన్ మధ్యలో మొదలై జులై ఆఖరి దాకా దొరుకుతుంది. ముందు డ్యూక్ రకం పండుతుంది, దాని వెనకే బ్లూక్రాప్. జూన్ ఆఖరి శనివారానికి డ్యూక్ ఇంకా మిగిలి ఉంటుంది, బ్లూక్రాప్ అందుకుంటుంది, బడులకి సెలవులు ఇచ్చేసి ఉంటారు, జులై 4 రద్దీ ఇంకా మొదలవదు. అయితే మనం తేదీ పెట్టుకున్నాం కదా అని పండు మన కోసం తొందరపడదు. వసంతంలో చలి ఎక్కువ రోజులు పట్టి ఉంచితే పంట వెనక్కి పోతుంది. ముందు రోజు జనం ఎగబడి పండినవన్నీ కోసేస్తే, మిగతావి పండేదాకా తోట మూసేస్తారు. అందుకని జులై రెండో శనివారాన్ని కూడా ఖాళీగా ఉంచుకోండి. ఏ తోట అయినా సరే, ముందు రోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు పొద్దున్నే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ పని ఎడిసన్ తమ్ముడిది.

వనస్థలిపురం నుంచి ఒక అమ్మగారు:

నేను, మావారు మే 20 కల్లా అక్కడ ఉంటాం. ఆయనకి షుగర్, నాకు మోకాళ్ళు. చీరతో రావచ్చా? అక్కడ గడ్డిలో ఏవో పురుగులు కుడతాయని మా అమ్మాయి భయపెడుతోంది.

నిజాంపేట నుంచి, సమన్వయం:

అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమే, కానీ మానుకోవాల్సినంత భయం లేదు. అవి టిక్స్, పశువులకి పట్టే పిడుదుల జాతి. వాటిలో ఒక రకం వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది, న్యూజెర్సీ వైపు అది బాగా ఉంది. మే నుంచి జులై దాకా తిరిగే పిల్ల టిక్ గసగసాల గింజంత ఉంటుంది, చూస్తే నలుసే అనుకుంటాం. సాధారణంగా అది ఒంటిని పట్టుకుని ఒక రోజుకి పైగా ఉంటేనే జబ్బు అంటుకుంటుంది కాబట్టి, అదే రోజు వెతికి తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. ఇంటికి వెళ్ళిన రెండు గంటల్లోపు స్నానం చేయాలి. మోకాలి వెనక, నడుం చుట్టూ, చంకల్లో, చెవుల వెనక, జుట్టు కుదుళ్ళలో ఒకరికొకరు చూడాలి. కనిపిస్తే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగెయ్యాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటివి చేయొద్దు.

చీర మాత్రం వద్దమ్మా. కుచ్చిళ్ళు గడ్డిని ఊడుస్తూ పోతాయి. లేత రంగు చుడీదార్ వేసుకుని, సాక్స్ పైకి లాక్కోండి. లేత రంగు మీద పురుగు పాకితే ఇట్టే కనిపిస్తుంది. కాళ్ళకి వెనక పట్టీ ఉన్న షూస్ ఉండాలి, చెప్పులు పనికిరావు. ఇక్కడే ఓ జత కొనుక్కుని, పొద్దున వాకింగ్‌లో పదిహేను రోజులు వాడి తీసుకెళ్ళండి. కొత్త షూస్‌తో తోటలోకి దిగితే బొబ్బలెక్కుతాయి.

మీవారి సంగతి. టాబ్లెట్ వేసుకుని ఖాళీ కడుపుతో కారెక్కనివ్వకండి. ఇంట్లో టిఫిన్ తినే బయల్దేరాలి. మనం తోటకి తొమ్మిదికల్లా చేరతాం, పదకొండుకి బయటపడిపోతాం. మన హైదరాబాద్ మే ఎండ చూసినవాళ్ళకి అక్కడి ఎండ లెక్కలోకి రాదనిపిస్తుంది కానీ, ఉక్క ఉంటుంది, పొదల వరసల మధ్య గాలి ఆడదు. చల్లటి పూట కోసిన పండు నిలవ కూడా ఎక్కువ ఉంటుంది.

ఎడిసన్ నుంచి, కార్లు చూస్తున్న తమ్ముడు:

అక్కా, ప్రిన్స్‌టన్ దగ్గర టెర్‌హ్యూన్ ఆర్చర్డ్స్ మనకి దగ్గర. హామంటన్ వైపు వెళ్తే బ్లూబెర్రీకి పెట్టింది పేరు, కానీ గంటన్నర దాకా ప్రయాణం. ఏది ఖాయం చేయమంటారు? బస్సు మాట్లాడనా?

నిజాంపేట నుంచి, సమన్వయం:

దగ్గరదే చూడు తమ్ముడూ. గంటన్నర వెళ్ళడం, గంటన్నర రావడం అంటే పెద్దవాళ్ళకి బాత్‌రూమ్ ఇబ్బంది. బస్సు వద్దు. ఒకరికి అలిసిపోయినట్టనిపిస్తే వాళ్ళని ముందుగా ఇంటికి పంపే వీలుండాలి, అది కార్లతోనే కుదురుతుంది. ఫోన్ చేసినప్పుడు ఇవి తప్పకుండా అడుగు. గుంపుగా వస్తే ముందే బుక్ చేసుకోవాలా? తలకి ప్రవేశ రుసుము ఉందా, లేక కోసినదానికే పౌండ్ చొప్పున తీసుకుంటారా? సంఘం పేరు మీద వస్తే బీమా పత్రం అడుగుతారా? కొన్ని తోటలు అడుగుతాయి, అది తెప్పించడానికి కొన్ని రోజులు పడుతుంది. పార్కింగ్ నుంచి పొదల దాకా ఎంత నడవాలి, ట్రాక్టర్ బండి ఉంటుందా? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు నచ్చకపోతే ఇంకో తోట చూద్దాం.

వంటల బృందం, కూకట్‌పల్లి నుంచి:

వదినా, పులిహోర, దద్దోజనం, గారెలు అనుకుంటున్నాం. మా అత్తయ్య ఇక్కడి నుంచి బంగినపల్లి మామిడిపళ్ళు, ఓ కట్ట కరివేపాకు తెస్తానంటున్నారు.

నిజాంపేట నుంచి, సమన్వయం:

అత్తయ్య గారికి నా మాటగా చెప్పు. తాజా పళ్ళు, కరివేపాకు సామానులో పెట్టొద్దు. అక్కడి విమానాశ్రయంలో తీసేసుకుంటారు, చెప్పకుండా దాచితే జరిమానా వేస్తారు. ఆవకాయ, పొడులు తెచ్చినా, తినే వస్తువులున్నాయని ముందే చెప్పేయాలి. చాలా తోటల్లో బయటి తిండి తిననివ్వరు. అందుకని భోజనాలు దగ్గర్లోని పార్కులో నీడ ఉన్న బల్లల దగ్గర పెట్టుకుందాం, ఆ బల్లలు కూడా ముందే బుక్ చేయాలి. గారెలు వద్దు, చల్లారితే ఎవరూ తినరు. పులిహోర, దద్దోజనం, ఉడకబెట్టిన వేరుశెనగలు, మజ్జిగ చాలు.

మియాపూర్ నుంచి ఒక నాన్నగారు:

కోయడం ఎలాగో కాస్త చెప్పండమ్మా. మా మనవడు పచ్చివే తెంపుతాడేమో.

నిజాంపేట నుంచి, సమన్వయం:

ఇది మీరే నేర్పాలి బాబాయ్ గారూ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. బ్లూబెర్రీ గుత్తిలో అన్నీ ఒకేసారి పండవు. ఒకే గుత్తిలో పచ్చివి, ఎర్రబారినవి, నీలంగా పండినవి కలిసి ఉంటాయి. అందుకని గుత్తి మొత్తం లాగకూడదు. అరచెయ్యి గుత్తి కింద దోసిలిలా పట్టి, బొటనవేలితో పళ్ళని మెల్లగా దొర్లించాలి. పండింది తనంతట తనే చేతిలో రాలుతుంది, పండనిది కొమ్మని వదలదు. పండు అంతా నీలంగా కనిపించినా, కాడ ఉండే వైపు తిప్పి చూస్తే సన్నగా ఎర్రటి చుట్టు ఉందంటే ఇంకో రెండు రోజులు ఆగాల్సిన పండు. మామిడికాయలా ఇంటికి తెచ్చి ముగ్గేద్దాం అంటే కుదరదు. కోశాక మెత్తబడుతుందేమో గానీ తీపెక్కదు. పండు మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర ఉంటుంది. మందు కొట్టారని కంగారుపడి అక్కడే తుడవకండి. అది పండు తనే వేసుకునే మైనం పూత, అది ఉంటే పండు త్వరగా వాడిపోదు. ఇంటికెళ్ళాక కూడా కడిగి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తినే ముందే కడగాలి. అలా ఉంచితే వారం దాటినా బాగుంటాయి.

బకెట్‌ని తాడుతో నడుముకి కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మెత్తటి గుడ్డ తాళ్ళు ఇక్కడే కుట్టిస్తున్నాను, వెళ్ళేవాళ్ళు తలా రెండు తీసుకెళ్ళండి. రుచి చూడ్డానికి ఒకటీ అరా నోట్లో వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ పిల్లల్ని అక్కడే కడుపు నింపుకోనివ్వొద్దు. అది రైతు పంట. కుటుంబానికి నాలుగైదు పౌండ్లు, అంటే దాదాపు రెండు కిలోలు, సరిపోతాయి. ఉత్సాహంలో పది పౌండ్లు కోసి, వారం తర్వాత పారేసేవాళ్ళని చూశాను. ప్రాణం ఉసూరుమంటుంది.

పక్కన రాస్ప్‌బెర్రీ వరస ఉంటే పిల్లలు అటు పరుగెడతారు. మనం వెళ్ళే నాటికి అవి అప్పుడప్పుడే మొదలవుతుంటాయి. పండితే మధ్యలో ఉండే తెల్లటి దిమ్మ కొమ్మకే ఉండిపోయి, పండు టోపీలా ఊడి వస్తుంది. లోతు గిన్నెలో వేస్తే అడుగువి చితికిపోతాయి.

రాజేంద్రనగర్ నుంచి, వ్యవసాయశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన:

అమ్మా, ఆ పొద మన నేలలో ఎందుకు రాదో, అక్కడ ఎలా వచ్చిందో పిల్లలకి ఓ పది నిమిషాలు చెప్పనా?

నిజాంపేట నుంచి, సమన్వయం:

తప్పకుండా చెప్పాలి అంకుల్. భోజనాల ముందు ఆ సమయం మీదే. మనం మాట్లాడుకున్నవి ఇక్కడ రాసి పెడుతున్నాను. బ్లూబెర్రీకి పుల్లటి నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య. మన నల్లరేగడి క్షార నేల, పైగా ఈ రకాలు పూతకి రావాలంటే చలికాలంలో వందల గంటల చలి పడాలి. న్యూజెర్సీలో పైన్ బారెన్స్ అనే ఇసుక అడవుల్లో ఇవి సహజంగా పెరిగేవి. పుల్లటి నేలే దీని కిటుకని 1910లో ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త ప్రచురించారు. అక్కడి వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటలున్న కుటుంబంలోని ఎలిజబెత్ వైట్ అది చదివి, తమ భూమిలో ప్రయోగాలు చేద్దామని ఆయనకి రాశారు. అడవిలో పళ్ళు ఏరుకుని బతికేవాళ్ళనే ఆవిడ అడిగారు, లావు పళ్ళు కాసే పొదలు చూపిస్తే డబ్బిస్తానని. పొద కనిపెట్టినవాడి పేరే ఆ రకానికి పెట్టారు. రూబెల్ అనే రకం అలా వచ్చిందే. 1916లో మొదటి పంట అమ్మారు. అంకుల్, రూబెల్ సంగతి మాత్రం వదలకండి. అడవి తెలిసినవాళ్ళ తెలివి లేకపోతే ఈ పంటే లేదని పిల్లలకి తెలియాలి.

వనస్థలిపురం నుంచి ఒక అమ్మగారు:

తిరిగి వచ్చేటప్పుడు మా చిన్నోడి పిల్లలకి నాలుగు పళ్ళు తేవచ్చా?

నిజాంపేట నుంచి, సమన్వయం:

తాజావి వద్దమ్మా, ఇక్కడా మొక్కల క్వారంటైన్ నియమాలున్నాయి. ఆ నాలుగు పౌండ్లలో ఒకటి జామ్ చేసి, సీసా మూత గట్టిగా బిగించి, చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. మిగిలినవి మీ అమ్మాయికి ఫ్రీజర్‌లో వేసి రండి. తడి లేకుండా పళ్ళెంలో పరిచి గడ్డకట్టాక సంచిలో పోస్తే, ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటాయి. కాస్త పుల్లగా ఉన్నవాటితో ఎండుమిరప, మెంతి తాలింపు పెట్టి పచ్చడి నూరండి, అన్నంలోకి బాగుంటుంది.

ఇక మిగిలిన పనులు. విమానం తేదీలు, మందుల వివరాలు హైదరాబాద్ బృందం ఈ వారంలో నాకు పంపాలి. వీల్‌చైర్ అవసరమైనవాళ్ళు మొహమాటపడకుండా చెప్పండి, దాన్నిబట్టే తోట ఖాయం చేస్తాం. టిక్ స్ప్రే, ట్వీజర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మంచినీళ్ళు, ఐస్ పెట్టెలు అక్కడి బృందానివి. కోసిన పళ్ళని వేడెక్కిన కారు డిక్కీలో అలాగే పెడితే ఇంటికి చేరేసరికి నీరుగారిపోతాయి. కాబట్టి కారుకో ఐస్ పెట్టె తప్పనిసరి. కాల్ ఎప్పటిలాగే శనివారం, మనకి రాత్రి 7:30, వాళ్ళకి ఉదయం 10 గంటలకి. తమ్ముడూ, ఆలోపు తోటవాళ్ళతో మాట్లాడి బీమా పత్రం సంగతి తేల్చుకుని రా.