పాయిన్‌సెట్టియా కొమ్మలు నాటితే కుళ్లిపోతున్నాయి, కారణమేమిటి?

ప్రశ్న (కావలి నుంచి):
నిరుడు క్రిస్మస్‌కు కొన్న పాయిన్‌సెట్టియా (చలికాలంలో పై ఆకులు ఎర్రబడే అలంకరణ మొక్క) ఇప్పుడు నడుమెత్తు పెరిగింది. మా అక్కచెల్లెళ్లకు తలా ఒక మొక్క ఇవ్వాలని నవంబరులో 6 కొమ్మలు కోసి, మందారం కొమ్మలు నాటినట్టే తోట మట్టిలో గుచ్చాను. పది రోజులకే అన్నీ అడుగునుంచి నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా నలిగిపోయాయి. తల్లి మొక్కకు డిసెంబరు వచ్చినా ఒక్క ఆకూ ఎర్రబడలేదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (ఒంగోలు నుంచి):
అమ్మా, మందారానికి పనికొచ్చిన పద్ధతి దీనికి పనికిరాదు, నెల కూడా కుదరలేదు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కనుక, మెక్సికోలో పుట్టి వేళ్ల దగ్గర నీరు నిలిస్తే తట్టుకోలేని ఈ మొక్క ఆ తడిలో కుళ్లిపోవడం సహజం. పైగా అప్పటికి కొమ్మ పూత మీద ఉంటుంది, వేళ్లు సరిగా పట్టదు.

ఫిబ్రవరి చివర, రంగు పోయాక, మొక్కను జానెడు ఎత్తుకు కత్తిరించండి. ఎండాకాలమంతా నీడపట్టున కాపాడితే కొత్త చిగుళ్లు వస్తాయి. జూలై, ఆగస్టులలో, చిగురు కాస్త గట్టిపడినా ఇంకా పచ్చగానే ఉన్నప్పుడు, 4 నుంచి 6 అంగుళాల ముక్కను కణుపుకు కొద్దిగా కింద పదునైన బ్లేడుతో కోయాలి. కోసిన చోట పాలు కారుతాయి; అవి ఆగేదాకా కోసిన కొనను నీళ్లలో ఉంచండి. కింది ఆకులు తీసేసి, కొబ్బరి పొట్టు, ఇసుక సమంగా కలిపిన చిన్న కుండీలో నాటి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి వదులుగా కప్పి, రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వండి. ఎండ నేరుగా పడకూడదు. 3, 4 వారాలలో వేళ్లు వస్తాయి; మెల్లగా లాగి చూస్తే ముక్క కదలకుండా పట్టుకుంటుంది. ఆ పాలు చర్మానికి దురద, కళ్లకు మంట పుట్టిస్తాయి కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి.

జవాబు (నెల్లూరు నుంచి):
రంగు సంగతి నేను చెబుతాను. మనం పువ్వనుకునే ఎరుపంతా ఆకులదే. అసలు పూలు నడుమ ఉండే పసుపుపచ్చని చిన్న బొడిపెలు. రాత్రులు పొడవైతేనే ఆ ఆకులు ఎర్రబడతాయి. అక్టోబరు మొదటినుంచి 8 వారాలపాటు రోజూ సుమారు 14 గంటలు ఎడతెగని చీకటి అందేలా చూడండి. మా వరండాలో పెట్టిన కుండీ వీధిదీపం వెలుగువల్ల రెండేళ్లు పచ్చగానే ఉండిపోయింది. మూడో ఏడు సాయంత్రం 5కి గాలి ఆడే చీకటి గదిలో పెట్టి, ఉదయం 7కి వెలుతురులోకి తెచ్చాను. నవంబరు చివరికి ఎర్రబడింది. గది ఉక్కగా ఉంటే మాత్రం రంగు ఆలస్యమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మా కుండీ గేటు దీపం కిందే ఉందండీ. వచ్చే అక్టోబరులో దాన్ని పెరటి సామాన్ల గదికి మారుస్తాను. కొమ్మలకు జూలై దాకా ఆగుతాను.