విశాఖ ఉక్కపోతకు కూలరు ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న – మురళీనగర్ నుంచి ఒక గృహిణి

నమస్కారం. గత జూన్‌లో కర్నూలు నుంచి విశాఖపట్నానికి మారాము కనుక ఇక్కడ మాకిది మొదటి వేసవి. నాలుగంతస్తుల అపార్టుమెంటులో పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. కర్నూలులో 42 డిగ్రీల ఎండలోనూ మమ్మల్ని ఆదుకున్న కూలరునే వెంట తెచ్చుకున్నాము. ఇక్కడ 35 డిగ్రీలకే, అది వేసిన అరగంటకల్లా దుప్పటి చెమ్మగిల్లుతోంది, గచ్చు కాలికి జిగటగా అంటుకుంటోంది. నిన్న డబ్బాలో ఉప్పు ముద్దకట్టి చెంచా కూడా దిగలేదు. మరమ్మతుకు వచ్చిన అబ్బాయి గడ్డి మార్చాలన్నాడు, మార్పించాము, ఫలితం లేదు. డెబ్బై దాటిన మా అత్తగారికి రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టడం లేదు. ఏసీ ఒక్క గదికే పెట్టించుకోగలము. ఏం చేయమంటారు?

జవాబు – సీతమ్మధార నుంచి ఒక విశ్రాంత ఇంజనీరు

అమ్మా, కూలరులో లోపం లేదు, గాలిలోనే ఉంది. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది. కూలరు చేసే పని అంతే. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, ఆ గాలిని తడితో సుమారు 24 డిగ్రీల దాకా దించే వీలుంది. అదే 35 డిగ్రీల వద్ద తేమ 65 శాతం ఉంటే 29 దగ్గరే ఆగిపోవాలి, అది కూడా కాగితం మీది లెక్క. పైగా మూసిన గదిలో కూలరు ఊదే తేమ బయటికి పోక, ఒంటి మీది చెమటను ఆరనివ్వదు. కాబట్టి నీటి మోటారు ఆపేసి, దానిని వట్టి ఫ్యానుగా వాడుకోండి. కర్నూలు ఎండలో ఫ్యాను వేడిగాలినే కొడుతుంది. ఇక్కడి గాలి చాలా రోజులు ఒంటి వేడికన్నా కాస్త చల్లగానే ఉంటుంది కనుక ఫ్యానుకు విలువ ఎక్కువ.

పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కడం వల్ల సముద్రపు గాలి ఊరిలోకి వస్తుంది. అప్పుడు తూర్పు, దక్షిణపు కిటికీలు తెరిచి, ఎదుటి వైపు కూడా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. లోపలికి వచ్చిన గాలికి పోయే దారి లేకపోతే అది కదలదు. పగలంతా తలుపులు బిగించుకోవడం కర్నూలు అలవాటు, ఇక్కడ దానిని మానుకోవాలి. అయితే పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని అడ్డుకున్న రోజున మాత్రం ఆ పాత అలవాటే మేలు. ఏసీ పెట్టిస్తే అత్తగారి గదికే పెట్టించండి. 26 లేదా 27 మీద ఉంచి, తోడుగా ఫ్యాను తక్కువ వేగంలో తిప్పితే సరిపోతుంది. ఏసీ గాలిలోని తేమను కూడా లాగేస్తుంది, మీకు కావలసింది అదే.

జవాబు – గాజువాక నుంచి

మాదీ పై అంతస్తే. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టకపోవడానికి కారణం పగలంతా కాలిన శ్లాబు ఆ వేడిని రాత్రి కిందికి వదలడమే. ఇంటి యజమానిని అడిగి మేడ మీద సున్నం రెండు పూతలు వేయించండి. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది. మేము తడి గోనెసంచులు కూడా పరుస్తాము. ఇక తిండి సంగతి. మా అమ్మ వేసవి పొడుగునా కుండలో గంజి పోసి పులియనిచ్చి, మరునాడు పొద్దున ఆ తరవాణిలో అన్నం కలిపి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంచుకోమని పెట్టేది. మీ వైపు దీనిని ఏమంటారో కానీ, ఇంతకన్నా చలవ చేసేది నేను ఎరుగను.

జవాబు – అక్కయ్యపాలెం నుంచి

సున్నానికి నేనూ ఒప్పుకుంటాను, గోనెసంచుల విషయంలో మాత్రం ఒప్పుకోలేను. మా మేడ మీద రెండు వేసవులు అలాగే తడిపాము. మూడో ఏడు శ్లాబు చెమ్మ పట్టి పెచ్చులు ఊడాయి. అద్దె ఇంట్లో ఆ పని అసలే వద్దు. మరొక మాట: పెద్దావిడకు రక్తపోటు ఉంటే మజ్జిగలోనూ తరవాణిలోనూ ఉప్పు ఎంత వేయవచ్చో వైద్యుణ్ణి అడగండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, ఈలోగా ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరండి.

మళ్ళీ మురళీనగర్ నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మోటారు ఆపి, తూర్పు కిటికీ దగ్గర కూలరు పెట్టి, వంటింటి కిటికీ తెరిచాము. అత్తగారు పదకొండున్నరకే పడుకున్నారు. యజమాని సున్నం ఖర్చులో సగం మమ్మల్ని భరించమంటున్నారు. ఇక్కడ అదే పద్ధతా అండీ?