పచ్చ గుంటగలగరలో ‘పచ్చ’ ఏ రంగు?

కర్నూలు నుంచి:
కేసీ కాలువ గట్టు కింద నీళ్లు ఊరే చోట నేల మీద పాకే మొక్క ఒకటుంది. పసుపు పూలు. తీగ లాగి చూస్తే కణుపు కణుపుకీ వేర్లు. గొర్రెలు మేపుకునే పెద్దాయన్ని అడిగితే ‘పచ్చ గుంటగలగర’ అన్నాడు. మేం తలనూనెలో కాచే గుంటగరగరాకుకు పూలు తెలుపు కదా? మరి ‘పచ్చ’ అన్నది ఆకును చూసా, పూవును చూసా?

నంద్యాల నుంచి:
పూవును చూసే. పచ్చజొన్న రొట్టె తినేవాళ్లకు ఇందులో డౌటేందన్నా? పచ్చజొన్నంటే పచ్చిదీ కాదు, ఆకు రంగుదీ కాదు. పచ్చగన్నేరు, పచ్చకామెర్లు కూడా అంతే. ఆ ఇంకో రంగు చెప్పాల్సొస్తే ముందు ‘ఆకు’ తగిలిస్తాం. అయినా ఆకు ఆకుపచ్చగా లేని గుంటగలగర ఎక్కడుంది, పనిగట్టుకొని చెప్పడానికి! సంస్కృతంలోనూ భృంగరాజం, పీతభృంగరాజం అనే విడదీశారు, పీతమంటే పసుపే. గుంటంటే నీళ్లు నిలిచే చోటు, ఆ మాట రెండింటికీ నప్పుతుంది.

కడప నుంచి:
రెండూ చామంతి కుటుంబమే గానీ మొక్కలు వేరు. తెల్లది ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. ఏడాదిలో దాని బతుకు అయిపోతుంది, పూవు చొక్కా గుండీ అంత కూడా ఉండదు. ఆకు నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడతాయి. ఆ పసరులో గుడ్డ తడిపి ఆరబెట్టి, ఒత్తి చేసి, ఆముదం దీపంలో కాటుక పట్టేవాళ్లు. పచ్చది స్ఫాగ్నెటికోలా కలెండ్యులేసియా, పాత పుస్తకాల్లో వెడేలియా. బహువార్షికం, మన దేశపు మొక్కే. పొడుగు కాడ చివర ఒక్కో పూవు. వెడెలోలాక్టోన్ అనే పదార్థం రెండింటిలోనూ ఉంది, పేరు మాత్రం పచ్చదాని నుంచి వచ్చింది. దాని నిర్మాణాన్ని మద్రాసులో టి.ఆర్. గోవిందాచారి బృందం 1956లో తేల్చింది.

అసలు తిరకాసు మూడోదానితో. పార్కుల్లో, రోడ్డు డివైడర్లలో నాటే పసుపు పూల తీగ ఉంది చూడండి, అది స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది. ప్రపంచంలో మరీ చేటు చేసే 100 ఆక్రమణ జాతుల జాబితాలో దీని పేరుంది. పూవును చూసి తేల్చలేం, ఆకు చూడాలి. దానిది వెడల్పుగా, మెరుస్తూ, సాధారణంగా మూడు తమ్మెలుగా ఉంటుంది. మనది సన్నగా, పొడుగ్గా, తడిమితే గరుగ్గా ఉంటుంది. ఫోటో చూసి ఎవరూ కూర వండుకోకండి.

అనంతపురం నుంచి:
మా దగ్గర ఒక నర్సరీలో ఆ అమెరికా దానికే ‘పచ్చ గుంటగలగర’ అని చీటీ అంటించి అమ్ముతున్నారప్పా!

కర్నూలు నుంచి:
గట్టు మీదిది సన్నాకే. మా కాలనీ పార్కులోదానికి మూడు తమ్మెలు. మన పదాల పట్టికలో ‘పచ్చ గుంటగలగర: నీటి పట్టున పాకే, పసుపు పూల దేశవాళీ మొక్క’ అని రాస్తున్నా. పార్కుదానికి ఈ పేరు ఇవ్వను. ఇంతకీ గలగరా, గరగరా?

నంద్యాల నుంచి:
పుస్తకాల్లో గలగర, మా ఇంట్లో గరగర. రెండూ ఎక్కించు.