అలాస్కా చమురు లెక్కలో కాస్త సాయం చేస్తారా?

మేం డాలస్‌లో ఉంటాం. అలాస్కా ఆర్కిటిక్ అభయారణ్యంలో చమురు తవ్వకూడదని మా అమ్మాయి స్కూల్ డిబేట్‌లో వాదించాలట. అక్కడి తీర మైదాన ప్రాంతంలో తీయగలిగేది సుమారు 1,040 కోట్ల బ్యారెళ్లని 1998లో అమెరికా భూగర్భ సర్వే సగటు అంచనా. దేశం రోజుకు వాడేది దాదాపు 2 కోట్లు. భాగిస్తే ఏడాదిన్నర కూడా రాదు!

కానీ ఆ చమురంతా ఒక్కసారే రాదు కదా, దశాబ్దాల పాటు కొంచెం కొంచెంగా వస్తుంది. అందుకే ఈ భాగహారం మోసమేమోనని నా అనుమానం. దానికి బదులు, కార్ల మైలేజీ గాలన్‌కు 25 నుంచి 30 మైళ్లకు పెంచితే రోజుకు ఎంత మిగులుతుందో చూపించడం సరైనదా? (ఇంట్లో పెద్ద ఎస్‌యూవీ పెట్టుకుని నేనిది అడుగుతున్నాననుకోండి, అది వేరే సంగతి.)

కారిబూ దుప్పుల గురించి తను బాగానే చదివింది. ఈ లెక్క దగ్గరే టెన్షన్. ఎలా పోల్చాలో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.