గోదావరి గట్టు మీద చెట్లు: కవిగారు అడిగింది తప్పా?

ఏటిగాలి: ఆదివారం మా ఊరి లైబ్రరీలో సభ. ఒక పెద్దాయన, కవి, పద్యం చదివి, "గోదావరికి నీడ లేకుండా పోయింది, ఇంటికో మొక్క గట్టు మీద నాటండి" అని చేతులు జోడించి అడిగారు. వెంటనే ఒక ఇంజినీరుగారు లేచి గట్టు మీద చెట్లు ప్రమాదం అనేశారు. పెద్దాయన ఇంక మాట్లాడలేదు. నాకు చాలా బాధేసింది. మీరేమంటారు?

లాకుల మాస్టారు: ఇంజినీరు చెప్పిందే కరెక్టు. గట్టంటే మట్టికట్ట. గాలికి పెద్ద చెట్టు కూలితే వేళ్లతో పాటు బండెడు మట్టి లేచొస్తుంది. చెట్టు చచ్చి వేళ్లు కుళ్లితే లోపల బొరియ, వరదొస్తే అక్కడే బుంగ, ఆ బుంగే గండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు రాత్రంతా ఇసుక బస్తాలు మోసినవాణ్ణి.

ఏటిగాలి: ఆయన ఉద్దేశం ఒడ్డు అండీ. ఏరుమద్దికి పేరులోనే ఏరుంది, నీటి పక్కనే పెరిగే చెట్టది.

లాకుల మాస్టారు: గట్టు అన్నారా లేదా?

రేవు: 👍 మాస్టారికి.

ఏటిగాలి: ఏదడిగినా కుదరదనడమేనా మాస్టారూ? మీలాంటివాళ్ల వల్లే ఏరు బోడిగా మిగిలింది.

లాకుల మాస్టారు: మాటలు జాగ్రత్త. మా వీధిలో మొక్కలు నాటి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు, రెండో వేసవికి ఒక్క మొక్క లేదు. బిందెతో నీళ్లు మోసింది మా ఆవిడ.

లంక పిల్ల: గట్టు, ఒడ్డు అని మీరు కొట్టుకుంటున్నారు, మేముండేది గట్టుకి లోపల, ఏటి మధ్య లంకలో. వరద తీశాక మా లంక అంచు నిలువునా విరిగిపడుతుంది. పడబోయే కొబ్బరిచెట్టు వేళ్లు గాల్లో జడపాయల్లా వేలాడతాయి, మర్నాటికి చెట్టుండదు. అలా పదకొండు పోయాయి. రెల్లు దుబ్బులున్న చోట మాత్రం అంచు కాస్త ఆగింది.

ఏటిగాలి: అయితే మీ లంకలోనే నాటదామండీ!

లంక పిల్ల: అదే నా భయం. ఇదివరకు ఓసారి మొక్కలని చెప్పి కంచె వేశారు. మా అమ్మమ్మ మిరప వేసుకునే నేల అది, పట్టా లేదు. ఆ తర్వాత మేకని కూడా తోలనివ్వలేదు. చెట్టంటే నాకూ ఇష్టమే. నాటాక ఆ నేల ఎవరిదో ముందు చెప్పండి.

ఏటిగాలి: నిజమే, అది నాకు తట్టలేదు. కవిగారిని మీ లంకకి తీసుకురమ్మంటారా? అమ్మమ్మగారితోనే మాట్లాడతారు.

లంక పిల్ల: రమ్మనండి. రెల్లు దుబ్బులూ చూపిస్తాను.

లాకుల మాస్టారు: నేనూ వస్తాను. గట్టు మీద మాత్రం ఒక్క మొక్క పెట్టనివ్వను.