బాప్తిస్మం ఎప్పుడు తీసుకోవాలి? సంఘంలో పని ఎక్కడ మొదలుపెట్టాలి? (హన్మకొండ)

కొత్త_విశ్వాసి_పరకాల:

అందరికీ వందనాలు. మాది పరకాల దిక్కు, హిందూ కుటుంబం. హన్మకొండలో ఉండి చదువుకుంటున్నాను. యేసు ప్రభువును నమ్ముకున్నాను, కొన్ని నెలలుగా ఇక్కడి ఒక తెలుగు బాప్టిస్టు సంఘానికి వెళ్తున్నాను. తెలిసిన అన్నలు కొందరు "వచ్చే ఆదివారమే బాప్తిస్మానికి ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వకు పోదాం, ఆగుడెందుకు" అంటున్నారు. పాస్టర్ గారేమో "తరగతులకు రా, సంఘం ముందు సాక్ష్యం చెప్పు, తర్వాత చూద్దాం" అన్నారు. ఎవరి మాట వినాలి? తరగతుల్లో ఏం అడుగుతారు? ఇంట్లో పండుగలప్పుడు ఎట్లా ఉండాలి? సర్టిఫికెట్ల సంగతేంటి? ఇంకోటి, సంఘంలో ఏదన్నా పని చెయ్యాలని ఉంది. పాడడం రాదు, వాక్యం చెప్పడం రాదు. కొంచెం వివరంగా చెప్పండి.

డీకన్_హన్మకొండ:

తమ్ముడూ, పాస్టర్ గారి మాట విను. ఆ అన్నలు మంచి మనసుతోనే అంటుండొచ్చు. ఫిలిప్పు ఆ ఐతియొపీయునికి దారిలోనే బాప్తిస్మం ఇచ్చాడు కదా అని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం చూపిస్తారు. నిజమే. కానీ ఆయన యెరూషలేముకు ఆరాధనకు వెళ్ళి, యెషయా గ్రంథం చదువుకుంటూ తిరిగొస్తున్న మనిషి. ఫిలిప్పు ఆ లేఖనం దగ్గరే మొదలుపెట్టి యేసు సంగతంతా విప్పి చెప్పాకే బండి ఆగింది. బోధ ముందు జరిగింది, నీళ్ళు తర్వాత.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోనే ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాల్వలో కొన్ని మైళ్ళ పని గుత్తకు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు. ఆ కాలమంతా బాప్తిస్మం అడిగినవాళ్ళు ఎంతమంది ఉన్నా ఆపాడు. గింజల కోసం వచ్చారన్న అనుమానం వాళ్ళ మీద గానీ సంఘం మీద గానీ పడొద్దని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ స్టేషన్ మొదలైంది ఆ మరుసటేడు, 1879లో. అంత పంట చూసినవాళ్ళే ఆగడం నేర్పారంటే, నువ్వు రెండు మూడు నెలలు ఆగితే పోయేదేమీ లేదు.

బాప్టిస్టు సంఘంలో బాప్తిస్మంతో పాటే సభ్యత్వం వస్తుంది. కాల్వ దగ్గర ముంచి పంపిన మనిషి పేరు ఏ రిజిస్టరులో రాస్తారు? రేపు ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనం) దగ్గర, ఎల్లుండి పెళ్ళి దగ్గర "ఏ సంఘం?" అని అడిగితే జవాబు ఉండదు. నువ్వు తప్పిపోతే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు కూడా ఉండరు. నాకైతే ఈ రెండోదే పెద్ద నష్టం అనిపిస్తుంది.

తరగతులు సంఘాన్ని బట్టి ఆరేడు వారాల నుంచి మూడు నెలల దాకా ఉంటాయి. దేవుడు, పాపం, సిలువ, పునరుత్థానం, మారుమనస్సు, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, ప్రార్థన, సభ్యుల బాధ్యతలు చెప్తారు. మార్కు సువార్త మొత్తం, రోమా 6, 10 అధ్యాయాలు, అపొ.కా. 2 ముందే చదువుకొని పో. డీకన్లు (సంఘ పరిచారకులు) తప్పకుండా అడిగే ప్రశ్న: "బాప్తిస్మం నిన్ను రక్షిస్తుందా?" చాలామంది అవునని తడబడతారు. యేసు మీది విశ్వాసం వల్లనే రక్షణ. ఆయనతో చచ్చి, పాతిపెట్టబడి, లేచానని అందరి ముందు చెప్పే విధేయత బాప్తిస్మం. ఇది నీ మాటల్లో చెప్పగలగాలి. ఎవరైనా బలవంతం చేశారా, పెళ్ళి కోసమా, సాయం కోసమా అని కూడా అడుగుతారు. బాధపడకు, ఈ ప్రశ్న నిన్నూ కాపాడేదే.

సాక్ష్యం ఐదు నిమిషాలు మించకుండా రాసుకో. ముందు ఎట్లా ఉన్నావు, సువార్త ఎట్లా విన్నావు, యేసు గురించి ఏం నమ్మావు, ఇప్పుడు ఏం మారింది. సాక్ష్యాలు ఎక్కువగా చెడేది ఒక్క దగ్గరే: జబ్బు నయమైందనో ఉద్యోగం వచ్చిందనో చెప్పి కూర్చుంటారు, సిలువ మాటే రాదు. రేపు మళ్ళీ జబ్బు చేస్తే ఆ విశ్వాసం దేని మీద నిలబడాలి? ఇంకోటి, పాత మతాన్ని, అమ్మానాన్నలను తక్కువ చేసి మాట్లాడకు. వాళ్ళను ఆ రోజు పిలువు. వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టు.

సాక్ష్యం అయ్యాక నిన్ను బయటికి పంపి సభ్యులు చేతులెత్తి ఆమోదిస్తారు. బాప్తిస్మం తర్వాత బల్ల ఆరాధనలో కుడిచెయ్యి ఇచ్చి సహవాసంలో చేర్చుకుంటారు. ఈ వరుస సంఘానికీ సంఘానికీ కొంచెం మారుతుంది, ఎందుకంటే ఏ బాప్టిస్టు సంఘమైనా తన నిర్ణయాలు తానే చేసుకుంటుంది.

తొట్టి_పని_కాజీపేట:

కాల్వ గురించి ఒక్క మాట, దయచేసి వినండి. ఎస్సారెస్పీ కాకతీయ కాల్వకు రెండు పక్కలా ఏటవాలుగా సిమెంటు లైనింగ్ ఉంటది. నీటి అంచున దాని మీద పాకుడు పడుతుంది. నీళ్ళు వదిలినప్పుడు ఒరవడి పైకి నెమ్మదిగా కనిపిస్తది గానీ, కాలు జారిన మనిషికి పట్టుకోవడానికి అక్కడ చెట్టుకొమ్మ కూడా ఉండదు. తడిసిన బట్టలతో ఆ వాలు ఎక్కడం ఈత వచ్చినోళ్ళకే కష్టం. చెరువులో ఇయ్యక తప్పకపోతే ఎండాకాలం, తేటగా అడుగు గట్టిగా ఉన్న చోటు చూసి, ముందు రోజు కట్టెతో లోతు కొలిచి, తాడు పట్టుకొని ఈతగాళ్ళు ఇద్దరు ఉంటేనే దిగాలె. వానాకాలం వద్దే వద్దు. మట్టి తవ్విన గుంతలు నీళ్ళ కింద కనపడవు.

సంఘంలోనే బాప్తిస్మం ఇచ్చే తొట్టి అయితే ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు ఉంటే చాలు. నీళ్ళు మూడడుగులు, అంటే మనిషి నడుము దాకా. ఇది సుమారు 2,700 లీటర్లు. మోకాళ్ళ దాకే నింపితే పాస్టర్ గారు మనిషి బరువంతా మోయాలె, నడుం పట్టేస్తది. ఛాతీ దాకా నింపితే వంచేసరికి కాళ్ళు తేలిపోయి మనిషి భయపడతడు.

కొన్ని చోట్ల మేడ మీద టార్పాలిన్ తొట్టి పెడుతున్నరు. వద్దు. మామూలు ఇంటి స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కేసి కడతరు. మూడడుగుల నీళ్ళంటే చదరపు మీటరుకు 900 కిలోల పైన. పైగా చుట్టూ జనం నిలబడతరు.

డిసెంబరులో అయితే వాటర్ హీటర్ రాడ్డు వేసి మర్చిపోయినోళ్ళు ఉంటరు. ఎవరూ దిగక ముందే రాడ్డు, దాని వైరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు అన్నీ గదిలోంచి తీసెయ్యాలె. వైరున్న మైకు తొట్టి దగ్గరికి రానియ్యొద్దు. పాస్టర్ గారు గట్టిగా చెప్తే సరిపోతది. మెట్లకు రబ్బరు మ్యాటు, ఒక పక్క పట్టుకునే పైపు. పని కాగానే అదే రోజు నీళ్ళు వదిలెయ్యున్రి, నిలవుంటే దోమలు.

దిగేటోళ్ళు చెయ్యాల్సింది: రెండు చేతులు ఛాతీ మీద, ఒక చేతిలో మడిచిన రుమాలు. పాస్టర్ గారి ఒక చెయ్యి నీ వీపు వెనక, ఇంకోటి నీ చేతుల మీద ఉంటది. "తండ్రియొక్కయు, కుమారునియొక్కయు, పరిశుద్ధాత్మయొక్కయు నామములో" అన్నాక రుమాలు ముక్కుకు పెట్టుకొని మోకాళ్ళు వంచు. ఇదొక్కటి గుర్తుపెట్టుకో. మోకాళ్ళు బిగబడితే మనిషి కర్ర లెక్క వెనక్కి పడతడు, ఆయన కూడా తూలుతడు. తల నిండా మునగాలె, రెండు సెకండ్లే. మూర్ఛ, ఆస్తమా, గుండె జబ్బు, గర్భం ఉన్నోళ్ళు ముందే చెప్పాలె. ఆపడానికి కాదు, గోరువెచ్చటి నీళ్ళు, పక్కన ఇంకో మనిషి ఉండేటట్టు చూస్తరు.

సండేస్కూల్_సిస్టర్:

తెల్లబట్టలు తడిస్తే లోపలివి కనపడతాయి. ఆడపిల్లలకు మందపాటి కాటన్ పంజాబీ డ్రెస్సు, లోపల ముదురు రంగు స్లిప్పు మంచిది. చీరే కట్టుకోవాలంటే కుచ్చిళ్ళకు, పైటకు పిన్నులు పెట్టి, పెట్టికోటు అంచుకు చిన్న బరువు కుట్టాలి, లేకపోతే నీళ్ళలో పైకి తేలుతుంది. తొట్టి మెట్ల దగ్గరే ఒక సిస్టర్ పెద్ద తువ్వాలతో నిలబడాలి. బట్టలు మార్చుకునే గది తొట్టికి దగ్గరగా, లోపల గడియ ఉండేట్టు చూడాలి. ఎన్నో సంఘాలు నీళ్ళ ఏర్పాటు చూసి గది సంగతి మరిచిపోతాయి.

పండుగల గురించి. తమ్ముడూ, ఇంట్లో ముందు నీ ప్రవర్తన మారనివ్వు, ప్రకటన తర్వాత. అమ్మకు నీళ్ళు మోసిపెట్టు, నాన్నతో గొంతు తగ్గించి మాట్లాడు. మేడారం జాతరకు ఇంటిల్లిపాది బయల్దేరితే ఇల్లు, బర్లు చూసుకుంటానని నువ్వే ముందు చెప్పు, గొడవ సగం తగ్గుతుంది. తిరిగొచ్చి బంగారం (జాతర బెల్లం ప్రసాదం) చేతిలో పెడితే "అమ్మా, నేను యేసయ్యను నమ్ముకున్న, ఇది తినలేను, కోపం తెచ్చుకోకు" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పు. విసిరికొట్టడం, మొహం తిప్పుకోవడం సాక్ష్యం కాదు. 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు పాస్టర్ గారితో కూర్చొని చదువు. చెల్లెలు బతుకమ్మకు తంగేడు పూలు తెమ్మంటే తేవచ్చా? చెల్లెలికి సాయం చేసినట్టే అని నా అభిప్రాయం, ఒప్పుకోని విశ్వాసులున్నారు. పూజలో మాత్రం నిలబడకు. ఇంట్లో గట్టిగా వద్దన్నప్పుడు దొంగచాటుగా బాప్తిస్మం తీసుకోవద్దు. పెద్దవాడివి, నిర్ణయం నీదే, కానీ తర్వాత ఎవరో చెప్పగా అమ్మ వినడం కంటే నువ్వే ముందు చెప్పడం మేలు.

ములుగు_లీగల్:

సర్టిఫికెట్ల సంగతి, సూటిగా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీలు, వాళ్ళ పిల్లలు మన దగ్గర బీసీ-సి కిందికి వస్తారు. ఎస్టీలకు మతంతో సంబంధం లేదు, కోయ, లంబాడ విశ్వాసులకు హోదా పోదు. బాప్తిస్మం తీసుకొని చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు కుదరదని చెప్పింది. ఈ ఉత్తర్వు న్యాయమైనదా అన్నది వేరే చర్చ. దళిత క్రైస్తవులకు అన్యాయమనే నేను నమ్ముతాను. అయినా కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి అని నడపొద్దు, పరిచర్యలోకి వచ్చాక అదే నిన్ను కుంగదీస్తుంది. నీది ఏ కులమో ఇక్కడ రాయక్కర్లేదు, కోచింగ్ ఫీజు కట్టకముందే రిజర్వేషన్ లెక్క చూసుకో. పేరు మార్చుకోవాల్సిన పని లేదు. మార్చుకుంటే మెమోల నుంచి పాన్ దాకా అన్నీ మార్చుకోవాలి.

కొత్త_విశ్వాసి_పరకాల:

చాలా థాంక్స్ అన్నా, అక్కా. కాల్వకు పోవట్లేదు, తరగతులకు పేరిచ్చాను. మా రూమ్మేట్‌ది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం, చిన్నప్పుడే బాప్తిస్మం అయ్యింది. వాడు మా సంఘానికి వస్తే మళ్ళీ తీసుకోవాలా? పని సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

డీకన్_హన్మకొండ:

ఎక్కువ బాప్టిస్టు సంఘాలు సభ్యత్వానికి ముంచి ఇచ్చే విశ్వాస బాప్తిస్మం అడుగుతాయి. సీఎస్ఐలో శిశువుకు బాప్తిస్మం ఇచ్చి, పెద్దయ్యాక నిర్ధారణ (కన్ఫర్మేషన్, తన విశ్వాసాన్ని తానే ఒప్పుకోవడం) చేస్తారు. మన దృష్టిలో ఇది రెండోసారి కాదు, కానీ వాళ్ళ అమ్మానాన్నలకు అట్లా అనిపించదు, వాళ్ళ నమ్మకాన్ని చిన్నబుచ్చకుండా మాట్లాడమను. ఆరాధనకు రావడానికి ఇదేదీ అడ్డం కాదు. ఇంకో బాప్టిస్టు సంఘం నుంచి వస్తే మాత్రం బదిలీ లెటరు చాలు.

బల్ల_పరిచర్య_నర్సంపేట:

పాట, ప్రసంగం రాకపోతే ఏం కాదు, ఆదివారం వాటికి ముందూ వెనకా బోలెడంత పని ఉంటుంది. బాప్తిస్మానికి ముందే చెయ్యగలిగినవి: గంట ముందు వచ్చి జంఖానాలు పరచడం, కుర్చీలు, వృద్ధులను ఆటో దగ్గర నుంచి తీసుకురావడం, సండేస్కూలు హాజరు పుస్తకం, అయ్యాక ఊడవడం. ఒక్క పని ఒప్పుకొని మూడు నెలలు మానకుండా చెయ్యి. ఐదు ఒప్పుకొని రెండో నెలలో కనపడకుండా పోయే యవనస్తులతోనే సంఘానికి కష్టం.

సభ్యుడివయ్యాక బల్ల సిద్ధం చేసేవాళ్ళ దగ్గర చేరు, శుభ్రంగా పనిచేసే చెయ్యి ఎప్పుడూ కావాలి. చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. చిన్న గ్లాసులో 10-12 మి.లీ. పోస్తాం కాబట్టి వందమందికి లీటరు పావు చాలు. రెండున్నర కిలోల నల్ల ద్రాక్ష ఉప్పునీళ్ళలో కడిగి, తొడిమలు తీసి, కొంచెం నీళ్ళతో పది నిమిషాలు ఉడికించి, చల్లారాక చేత్తో పిసికి పల్చటి గుడ్డలో వడకట్టాలి. మిక్సీలో వేస్తే గింజ నలిగి వగరొస్తుంది. శనివారం సాయంత్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండాకాలం బయట ఉంచితే తెల్లారేసరికి బుడగలు కడుతుంది, అంటే పులవడం మొదలైంది, అది పారబోసి మళ్ళీ చెయ్యాల్సిందే. రొట్టె పులుపు లేని పిండితో చపాతీలా కాల్చి, ఆరాక చిన్న ముక్కలు చెయ్యి. గ్లాసులు వేడినీళ్ళలో సబ్బుతో కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా డబ్బాలో పెడితే వచ్చే నెలకు బూజు వాసన.

కానుకల లెక్క పని అడిగితే ఒక్కడివే చెయ్యకు. ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు, తలుపు తెరిచి ఉన్న గదిలో, నోట్లు విడివిడిగా రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, కోశాధికారికి ఇచ్చి రశీదు తీసుకోవాలి. సోమవారం బ్యాంకులో కట్టాలి. "ఇంటికి తీసుకుపో, రేపు ఇద్దువులే" అని ఎంత పెద్దవాళ్ళు అన్నా వద్దను. నీ మీద నమ్మకం లేక పెట్టిన నియమం కాదిది, నీ పేరు కాపాడేది. పిల్లలతో పనిచేసేటప్పుడూ అంతే, గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి.

ఈ శనివారం సాయంత్రం చర్చికి వెళ్ళి, తాళాలు ఎవరి దగ్గరుంటాయో కనుక్కొని, ఆయనతో కలిసి తలుపులు తియ్యడం మొదలుపెట్టు. మిగతా పనులన్నీ ఆయనే చూపిస్తాడు.