సియాటిల్ పోర్టు వాళ్లు వాషింగ్టన్ డీసీని అడిగే ఈ హెచ్ఎంఎఫ్ పన్ను గొడవేంటండీ?

గుంటూరు_తేజా:
నమస్తే అండీ. గుంటూరులో మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్లు చూస్తుంటాను. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫైటో సర్టిఫికెట్, రోజంతా వీటితోనే సరి. సియాటిల్ పక్కన కెంట్‌లో మాకో బయ్యర్ ఉన్నాడు. మనవాడే, తెనాలి వైపు. అయినా బేరం దగ్గర మొహమాటం ఉండదు. మొన్న ఖర్చుల షీటు పంపాడు. అందులో ఎంపీఎఫ్ (కస్టమ్స్ వాళ్ల ప్రాసెసింగ్ రుసుము) కింద హెచ్ఎంఎఫ్ (హార్బర్ మెయింటెనెన్స్ ఫీ, అంటే రేవుల నిర్వహణ పన్ను) అని ఇంకో లైను. "ఇది మీరే సర్దుకోండి, లేకపోతే ఈసారి సరుకు కెనడా వాంకూవర్‌లో దింపించుకుని లారీలో తెచ్చుకుంటా" అంటున్నాడు.

ఇదేంటా అని చూస్తే, సియాటిల్ పోర్టు వాళ్లు తమ కేంద్ర ప్రభుత్వాన్ని అడిగే కోరికల్లో ఈ పన్ను మార్చమనీ ఉంది, విమాన ప్రయాణికుల ఛార్జీ పెంచనివ్వమనీ ఉంది. రేవుకి విమానాలతో పనేంటి? మా వాడు నిజం చెబుతున్నాడా, బెదిరిస్తున్నాడా?

రెంటన్_బెజవాడోడు:
ఇక్కడ పోర్టు అంటే రేవొక్కటే కాదండీ. 1911లో పెట్టిన ఈ సంస్థే సియాటిల్ విమానాశ్రయం సీటాక్‌నీ నడుపుతుంది. అయిదుగురు కమిషనర్లని కౌంటీ (మన జిల్లా లాంటిది) జనం ఓటేసి ఎన్నుకుంటారు. మనకైతే గన్నవరం ఒకరిది, విశాఖ రేవు ఇంకొకరిది.

హెచ్ఎంఎఫ్ 1986 నాటిది. దిగుమతి సరుకు విలువ మీద 0.125 శాతం. ఎగుమతుల మీద చెల్లదని సుప్రీంకోర్టు 1998లో కొట్టేసింది, కాబట్టి ఎక్కువగా దిగుమతుల మీదే మిగిలింది. ఆ డబ్బు రేవుల్లో పూడిక తీతకి. సియాటిల్ సముద్రం సహజంగానే లోతు, పూడిక పెద్దగా ఉండదు. అందుకే ఇక్కడ వసూలైంది వేరే రేవులకి పోతుంది. 2014 చట్టంలో ఇలా ఎక్కువ వసూలు చేసిచ్చి తక్కువ పొందే రేవులకి కొంత తిరిగివ్వాలని రాశారు. అయితే బడ్జెట్లో డబ్బు కేటాయిస్తేనే చేతికొస్తుంది, అందుకే అడుగుతూనే ఉంటారు. కెనడాలో దిగి రోడ్డు మీదో రైల్లోనో వచ్చే సరుకుకి ఈ పన్ను లేదు. అక్కడి ప్రిన్స్ రూపర్ట్ రేవులో దింపి రైలెక్కిస్తే నేరుగా చికాగో చేరుతుంది. సియాటిల్ పోర్టు వాళ్ల అసలు ఏడుపు అదే.

ఇక మీ వాడి సంగతి. కంటైనర్ విలువ 60,000 డాలర్లనుకుంటే పన్ను 75 డాలర్లు. దానికోసం సరిహద్దు దాటించి లారీ కట్టుకునే మనిషి ఉంటాడా? ఖరీదైన ఎలక్ట్రానిక్స్ వాళ్లు, మధ్య రాష్ట్రాలకి సరుకు తోలేవాళ్లు ఆ లెక్క వేసుకుంటారు. మిర్చికి కాదు.

గ్రూప్1_బెంజిసర్కిల్:
విమానాల సంగతి నేను చెబుతా, ఈ మధ్యే చదివా. అమెరికా లోపలి టికెట్లో ఎక్స్ఎఫ్ అని 4.50 డాలర్లుంటుంది చూడండి. ఎయిర్‌పోర్టు తన కట్టడాలకి వసూలు చేసుకునేది. గరిష్ఠం ఎంతో కేంద్రమే నిర్ణయిస్తుంది, 2000లో పెట్టిన 4.50 ఇంకా అదే. మన దగ్గర టికెట్లో ఉండే యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) లాంటిది. పెంచితే టికెట్ ధర పెరుగుతుందని విమాన కంపెనీలు ఒప్పుకోవు. ఏవై అని ఇంకో 5.60 ఉంటుంది, అది భద్రతా రుసుము. అందులో కొంత ఖజానా లోటు పూడ్చడానికి మళ్లిస్తూ 2013లో చట్టం చేశారు. చెకింగ్ దగ్గర క్యూలో నిలబడేవాడు కట్టిన డబ్బు చెకింగ్‌కే పెట్టమని ఎయిర్‌పోర్టుల వాదన. నాకైతే న్యాయంగానే ఉంది.

గుంటూరు_తేజా:
చాలా థాంక్స్ అండీ. అంటే వీళ్లు అడిగేది కొత్త గ్రాంటు కంటే, "మా దగ్గర వసూలైంది మాకివ్వండి, మేం వసూలు చేసుకునేదానికి అడ్డుపడకండి" అని! పోలవరం నిధుల కోసం మనవాళ్లు ఢిల్లీ తిరిగినట్టు ఉంటుందేమో అనుకున్నా.

బయ్యర్‌కి 75 డాలర్ల లెక్క వాట్సాప్‌లో పెట్టా. లారీ బాడుగ ఎంతవుతుందో తనే కనుక్కోమన్నా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తేజా రకం మిర్చి రేటు మాత్రం తగ్గించొద్దని మా సారు ఖరాఖండిగా చెప్పేశారు.